ఎక్సెల్ నుంచి డీఎల్‌ఎల్‌కు అర్రే పంపగానే క్రాష్ అవుతుంటే తప్పును పట్టుకోవడం ఎలా?

ఎక్సెల్‌లోని ప్రోగ్రామింగ్ భాష అయిన వీబీఏలో రాసిన మాక్రోలో మామూలు తప్పు జరిగితే ఎక్సెల్ ఒక సందేశం చూపి, తప్పున్న వరుసను పసుపు రంగులో నిలబెడుతుంది. అదే మాక్రో సి లేదా సి++లో రాసిన డీఎల్‌ఎల్ (ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే ఫంక్షన్ల ఫైలు) లోని ఫంక్షన్‌ను పిలిచి, ఆ ఫంక్షన్ తనది కాని మెమరీని ముట్టుకుంటే సందేశమేదీ రాదు. సేవ్ చేయని పనితో సహా ఎక్సెల్ మొత్తం మూసుకుపోతుంది. ‘ఆన్ ఎర్రర్’ వాక్యం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే అది వీబీఏ తానుగా లేవనెత్తే తప్పులనే పట్టుకుంటుంది. ఒక్కొక్క సంఖ్యను పంపినప్పుడు బాగానే నడిచే ఫంక్షన్లు అర్రే (ఒకే రకం విలువల వరుస) పంపగానే కూలిపోవడానికి కారణం, అర్రే ఎక్కడ మొదలవుతుంది, ఒక్కో అంశం ఎన్ని బైట్లు, మొత్తం ఎన్ని అంశాలు అన్న మూడు విషయాల్లో దేనిమీదనో వీబీఏకూ డీఎల్‌ఎల్‌కూ పొత్తు కుదరకపోవడమే. వెతుకులాట ఆ మూడింటి చుట్టూనే సాగాలి.

ముందుగా అది క్రాషేనా?

49, 53, 453 అంకెలతో వచ్చే సందేశాలు క్రాష్‌లు కావు, వాటిని చూసి అర్రే జోలికి వెళ్లనవసరం లేదు. 53 వస్తే డీఎల్‌ఎల్ ఫైలు గాని, ఆ డీఎల్‌ఎల్ ఆధారపడిన మరో ఫైలు గాని దొరకలేదని అర్థం. 453 వస్తే ఆ పేరుతో ఫంక్షన్ బయటకు కనబడటం లేదు, సి++ కంపైలర్ పేరును మార్చేసి ఉంటుంది. 49 వస్తే 32 బిట్ ఎక్సెల్‌లో ఫంక్షన్ ‘ఎస్‌టీడీకాల్’ అనే పిలుపు పద్ధతిలో కంపైల్ కాలేదని గాని, ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు పంపే విలువలు) సరిపోలేదని గాని అనుకోవాలి.

ఎక్సెల్ నిజంగానే మూసుకుపోతే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ భాగంలో ఈవెంట్ సంఖ్య 1000 ఉన్న నమోదును చూడండి. అందులో రెండు వివరాలు ముఖ్యం: ఏ మాడ్యూల్‌లో కూలింది, ఎక్సెప్షన్ కోడ్ ఏమిటి. కోడ్ ‘సి0000005’ అయితే అనుమతి లేని చిరునామాను చదవబోయారు లేదా రాయబోయారు. మాడ్యూల్ పేరు మీ డీఎల్‌ఎల్‌దే అయితే అదృష్టవంతులు, తప్పు ఆ పిలుపులోనే ఉంది. కోడ్ ‘సి0000374’ అయితే హీప్, అంటే ప్రోగ్రాము నడుస్తుండగా కేటాయించుకునే మెమరీ, పాడైంది. అప్పుడు మాడ్యూల్‌గా సాధారణంగా విండోస్ సొంత ఫైలైన ఎన్‌టీడీఎల్‌ఎల్ పేరు కనబడుతుంది గాని, దాని తప్పేమీ లేదు. ఎవరో ఎప్పుడో చెడగొట్టిన మెమరీని అది ఇప్పుడు గమనించిందంతే.

డిక్లేర్ వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి

డీఎల్‌ఎల్ ఫంక్షన్ పేరునూ దాని ఆర్గ్యుమెంట్లనూ వీబీఏకు తెలిపేది డిక్లేర్ వాక్యం. నా అనుభవంలో ఎక్కువ తప్పులు ఈ ఒక్క వాక్యంలోనే దొరికాయి. వీబీఏ దీన్ని డీఎల్‌ఎల్‌తో సరిపోల్చి చూడదు, మీరు రాసినదే నిజమని నమ్ముతుంది. కాబట్టి సి హెడర్‌ను పక్కన పెట్టుకుని ఒక్కో ఆర్గ్యుమెంట్‌నూ జతగా చదవాలి.

ఫంక్షన్ డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య) రకానికి పాయింటర్‌నూ, అంటే దాని మెమరీ చిరునామానూ, అంశాల సంఖ్యనూ తీసుకుంటుందనుకుందాం. వీబీఏ వైపు మొదటి ఆర్గ్యుమెంట్‌ను ‘బైరెఫ్’గా (చిరునామా వెళ్లేలా), కుండలీకరణాలు లేని డబుల్‌గా ప్రకటించి, పిలిచేటప్పుడు అర్రే మొదటి అంశాన్ని ఇవ్వాలి. మొదటి అంశం చిరునామా అంటే అర్రే డేటా మొదలయ్యే చిరునామాయే కనుక సి వైపు అది చాలు. దీన్నే ‘బైవాల్’ అని రాస్తే చిరునామాకు బదులు విలువ వెళ్తుంది, ఫంక్షన్ ఆ విలువనో, రిజిస్టర్‌లో మిగిలి ఉన్న చెత్తనో చిరునామా అనుకుని చదవబోయి అక్కడికక్కడే కూలుతుంది. ఇలా వెంటనే కూలే తప్పు ఒకందుకు మేలే, దొరికిపోతుంది.

రెండో ఆర్గ్యుమెంట్‌లో దీనికి సరిగ్గా తిరగేసిన పొరపాటు జరుగుతుంది. వీబీఏలో ‘బైవాల్’ రాయకపోతే అది ‘బైరెఫ్’ కిందే లెక్క. అంశాల సంఖ్య ముందు ఆ మాట మరచిపోతే 12 అన్న సంఖ్యకు బదులు ఆ 12 ఉన్న చోటి చిరునామా వెళ్తుంది. సి ఫంక్షన్ దాన్నే సంఖ్య అనుకుని, 12 అంశాల అర్రేలో కోట్ల అంశాలున్నాయన్న ధీమాతో లూప్ మొదలుపెడుతుంది.

మరొకటి, కుండలీకరణాలతో ప్రకటించిన అర్రే ఆర్గ్యుమెంట్. అలా ప్రకటిస్తే డేటా చిరునామా వెళ్లదు, సేఫ్‌అర్రే అనే వివరణ పట్టికను చూపే పాయింటర్‌కు పాయింటర్ వెళ్తుంది. సి ఫంక్షన్‌ను సేఫ్‌అర్రే కోసమే రాసి ఉంటే ఇదే సరైన దారి, అర్రే హద్దులు కూడా దానితోపాటే వెళ్తాయి. మామూలు డబుల్ పాయింటర్ కోసం రాసిన ఫంక్షన్‌కు ఇది పంపితే మాత్రం అది పాయింటర్ బైట్లను దశాంశ సంఖ్యలుగా చదువుతుంది, రాసే ఫంక్షన్ అయితే పట్టికను చూపే ఆ పాయింటర్‌నే చెరిపేస్తుంది. సేఫ్‌అర్రే తీసుకునే ఫంక్షన్ రాసేవారు ఒక జాగ్రత్త పాటించాలి: ఇంకా రీడిమ్ చేయని (పరిమాణం ఇవ్వని) అర్రే వస్తే లోపల శూన్య పాయింటర్ ఉంటుంది, దాన్ని పరీక్షించకుండా వాడకూడదు.

‘యాజ్ ఎనీ’ అని ప్రకటించడం సులువే గాని, అది రకాల తనిఖీని పూర్తిగా ఆపేస్తుంది. తప్పు దొరికేదాకా దాన్ని తీసేసి అసలు రకం రాయండి.

ఒక్కో అంశం ఎన్ని బైట్లు?

వీబీఏలో ఇంటిజర్ అంటే 2 బైట్లు, సిలో ఇంట్ అంటే విండోస్‌లో 4 బైట్లు. పేర్లు ఒకేలా ఉండటంతో ఈ పొరపాటు ఎంతో సహజంగా జరుగుతుంది. 10 అంశాల ఇంటిజర్ అర్రేకు వీబీఏ 20 బైట్లు కేటాయిస్తుంది, సి ఫంక్షన్ అందులో 40 బైట్లు రాస్తుంది. సి ఇంట్‌కు జోడీ వీబీఏ లాంగ్. వీబీఏ బూలియన్ కూడా 2 బైట్లే, పైగా అందులో నిజం అంటే -1. సి++ బూల్ సాధారణంగా 1 బైటు, విండోస్ హెడర్లలోని పెద్దక్షరాల బూల్ 4 బైట్లు, కాబట్టి రెండింటిలో దేనితోనూ అర్రేగా కుదరదు. కరెన్సీ రకం క్రాష్ చేయదు గాని లెక్క చెడగొడుతుంది: రూ. 1250.50ను అది 12505000 అనే 8 బైట్ల పూర్ణాంకంగా దాచుకుంటుంది, ఆ బైట్లనే సి వైపు డబుల్‌గా చదివితే సున్నాకు అతి దగ్గరి సంఖ్య వస్తుంది.

అకౌంట్స్ విభాగాల్లోని వర్క్‌బుక్‌లలో తరచుగా కనబడేది వేరియంట్ (ఏ రకం విలువనైనా దాచగలది) అర్రే. షీట్‌లోని రేంజ్ విలువను ఒకేసారి తీసుకుంటే వచ్చేది డబుల్ అర్రే కాదు, 1 నుంచి మొదలయ్యే రెండు కొలతల వేరియంట్ అర్రే. ఒక్కో వేరియంట్ 32 బిట్‌లో 16 బైట్లు, 64 బిట్‌లో 24 బైట్లు, అందులో మొదటి భాగం రకాన్ని తెలిపే గుర్తు. దాన్ని నేరుగా పంపకుండా, లూప్‌లో ఒక్కో అంశాన్నీ డబుల్ అర్రేలోకి మార్చి పంపండి. ఖాళీ గడి సున్నా అవుతుంది, అక్షరాలో లోపపు విలువో ఉన్న గడి దగ్గర 13వ నంబరు తప్పు వస్తుంది. అది వీబీఏలోనే, కళ్లముందే వస్తుంది కాబట్టి మనకు అనుకూలమే. రెండు కొలతల అర్రే పంపేటప్పుడు వీబీఏ నిలువు వరుసల ప్రకారం, సి అడ్డు వరుసల ప్రకారం అమరుస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఎన్ని అంశాలు? ఒకటి తేడా చాలు

వాహన రుణాల వాయిదాల పట్టిక తయారుచేసే ఒక వర్క్‌బుక్‌ను నేను సరిచేయవలసి వచ్చింది. 60 నెలల రుణానికి మాక్రో 1 నుంచి 60 దాకా డబుల్ అర్రే సిద్ధం చేసి పంపేది, ఫంక్షన్ ప్రతి నెలాఖరు నిల్వనూ అందులో నింపేది. పట్టిక ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది. ఎక్సెల్ మాత్రం కొన్నిసార్లు ఫైలు సేవ్ చేసేటప్పుడు, కొన్నిసార్లు మూసేటప్పుడు కూలేది, అందువల్ల అందరి అనుమానమూ ప్రింటర్ డ్రైవర్ మీదకూ యాంటీవైరస్ మీదకూ పోయింది. చివరకు తేలిందేమిటంటే ఫంక్షన్ రుణం ఇచ్చిన రోజు నిల్వను కూడా మొదట రాసేది. వాయిదాలు 60, నిల్వలు 61. చివరి 8 బైట్లు అర్రే అవతల పడేవి. చాలాసార్లు ఎవరూ వాడని చోట పడి ఏమీ అయ్యేది కాదు, పడకూడని చోట పడిన రోజున, ఆ చోటును ఎక్సెల్ మళ్లీ వాడబోయినప్పుడు కూలేది.

అందుకే కూలిన చోటే తప్పు ఉందనుకోకూడదు. ఇలాంటి తప్పుకు నేను వాడే ఉపాయం కాపలా అంశాలు. 60 కావలసిన అర్రేను 68కి రీడిమ్ చేసి, చివరి 8 అంశాల్లోనూ లెక్కలో ఎన్నడూ రాని ఒక సంఖ్యను, ఉదాహరణకు -98765.25ను నింపి, ఫంక్షన్‌కు మాత్రం 60 అనే చెప్పి పిలవండి. తిరిగి వచ్చాక ఆ 8 అంశాలనూ చూడండి. పై వర్క్‌బుక్‌లో 61వ అంశం మారిపోయి కనబడింది, పది నిమిషాల పని. సంఖ్యను చేత్తో రాయకుండా, పై హద్దులోంచి కింది హద్దు తీసి 1 కలిపి లెక్కించండి. హద్దు ఒక్కటే ఇచ్చి రీడిమ్ చేస్తే, ‘ఆప్షన్ బేస్ 1’ లేనప్పుడు, 60 అంటే 61 అంశాలన్న సంగతి కూడా ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది.

కాపలా అంశాలకు దొరకకపోతే విండోస్ డీబగ్గింగ్ సాధనాలతో వచ్చే జీఫ్లాగ్స్‌తో ఎక్సెల్‌కు పూర్తి పేజ్ హీప్ పెట్టవచ్చు. అప్పుడు ప్రతి కేటాయింపు తర్వాత ముట్టుకోకూడని పేజీ ఒకటి ఉంటుంది, హద్దు దాటిన రాత చాలామటుకు దాటిన క్షణంలోనే కూలుతుంది. పని అయ్యాక దాన్ని తీసేయడం మరవకండి, ఎక్సెల్ నత్తనడక నడుస్తుంది. డీఎల్‌ఎల్ సోర్స్ మీ చేతిలో ఉంటే ఇంతకన్నా సూటి దారి ఉంది: విజువల్ స్టూడియోలో డీబగ్ చేయవలసిన ప్రోగ్రాముగా ఎక్సెల్‌ను చూపి, ఫంక్షన్ మొదటి వరుసలో బ్రేక్‌పాయింట్ పెట్టి, చేరిన సంఖ్యనూ మొదటి మూడు విలువలనూ చూడండి. మాక్రోలో పంపినవి అక్కడ కనబడకపోతే తప్పు డిక్లేర్ వాక్యానిదే.

పాత కంప్యూటర్‌లో నడిచి కొత్తదానిలో కూలితే

64 బిట్ ఆఫీస్ 2010తో వచ్చింది, ఆఫీస్ 2019 నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది అదే. 64 బిట్‌లో డిక్లేర్ వాక్యానికి ‘పీటీఆర్‌సేఫ్’ మాట తప్పనిసరి కనుక చాలామంది దాన్ని అతికించి ఊరుకుంటారు. ఆ మాట దేన్నీ సరిచేయదు, నేను సరిచూశానని మీరిచ్చే హామీ మాత్రమే. పాయింటర్‌ను లేదా హ్యాండిల్‌ను (విండోస్ ఇచ్చే గుర్తు సంఖ్యను) దాచే ప్రతి లాంగ్‌నూ ‘లాంగ్‌పీటీఆర్’గా మార్చాలి, అంశాల సంఖ్యలాంటి 4 బైట్ల లాంగ్‌ను మాత్రం అలాగే ఉంచాలి. అన్నింటినీ ఒకే వేటున మార్చేస్తే లాంగ్ అర్రేల అంశాలు 8 బైట్లవుతాయి, మళ్లీ మొదటికొస్తుంది.

అక్షరాలు పంపేటప్పుడు

డిక్లేర్ వాక్యంలో స్ట్రింగ్ అని రాస్తే వీబీఏ దాన్ని విండోస్ ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌లోకి మార్చి పంపుతుంది. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు కనుక, మామూలు సెట్టింగ్‌లలో ‘వెంకటేశ్వర్లు’ అనే ఖాతాదారు పేరు అవతలికి 13 ప్రశ్నార్థకాలుగా చేరుతుంది. ఆర్గ్యుమెంట్‌ను ‘బైవాల్’ లాంగ్‌పీటీఆర్‌గా ప్రకటించి ‘ఎస్‌టీఆర్‌పీటీఆర్’ ఇచ్చే చిరునామాను పంపండి, సి వైపు వైడ్ క్యారెక్టర్ పాయింటర్‌గా తీసుకోండి. పేర్ల అర్రే పంపవలసి వస్తే అంశాలన్నిటినీ ఒక విభజన గుర్తుతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా పంపడం నయం. ఫంక్షన్ అక్షరాలు తిరిగి నింపేదైతే ముందే తగినంత పొడవు ఖాళీలతో స్ట్రింగ్ సిద్ధం చేసి, ఆ పొడవును కూడా చెప్పాలి.

ఇన్నీ సరిచూసినా రెండో పిలుపులోనో మూడో పిలుపులోనో కూలుతుంటే, డీఎల్‌ఎల్ మొదటిసారి అందుకున్న చిరునామాను దాచుకుని తర్వాత వాడుతోందేమో అడగండి. ఈలోగా మాక్రో రీడిమ్ చేస్తే డేటా వేరే చోటికి వెళ్లిపోతుంది, పాత చిరునామాలో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. డీఎల్‌ఎల్ తనకు కావలసినది తన సొంత మెమరీలోకి నకలు చేసుకోవాలి, మాక్రో ఇచ్చిన చిరునామాను ఆ పిలుపు ముగిసేదాకానే వాడాలి.