సిరామిక్ క్రౌన్ పగిలిందా? ముక్కను పారేయకండి

క్రౌన్ (అరగదీసిన పంటి మీద బిగించే తొడుగు) పగిలిందని పేషెంట్ రాగానే, దాన్ని చేసిన ల్యాబ్‌కి ఫోన్ చేసి దులిపేయడం మన డెంటిస్టుల్లో చాలామందికి అలవాటు. నేనూ అదే చేసేవాణ్ణి. ఒకసారి లిథియం డైసిలికేట్ (ఒక రకం గ్లాస్ సిరామిక్) క్రౌన్ ముక్కల్ని ఊరికే కాలిపర్‌తో కొలిచి చూస్తే, నడిమి గాడి దగ్గర మందం 0.8 మి.మీ. ఉంది. క్రౌన్‌కి చోటు చాలకుండా ఆ పంటిని అరగదీసింది ల్యాబ్ కాదు, నేనే.

దవడ పంటి క్రౌన్ నడిమికి రెండుగా చీలింది

కారణం: దాదాపు ఎప్పుడూ మందం చాలకపోవడమే. సిరామిక్ నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది కానీ సాగదీతని ఓర్చుకోదు. పైనుంచి కొరుకుడు బరువు పడితే క్రౌన్ లోపలి ముఖం సాగుతుంది, పగులు అక్కడే పుడుతుంది. వంపుని తట్టుకునే బలం సుమారుగా మందం వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే 1.5 మి.మీ. ఉండాల్సిన చోట 1 మి.మీ. ఉంటే సగానికి పైగా బలం పోయినట్టే.

పరిష్కారం: కంటి అంచనా వద్దు. ముందు డెప్త్ గ్రూవ్స్ (ఎంత లోతు తగ్గించాలో చూపే గాళ్లు) వేసుకుని, కస్పుల (పంటి పైనుండే మొనల) వాలు వెంబడే తగ్గించండి. పైభాగాన్ని బల్లపరుపుగా కోసేస్తే కస్పుల దగ్గర పన్ను అనవసరంగా పోతుంది, గాడి దగ్గర మాత్రం చోటు చాలదు. దవడ పళ్లకి లిథియం డైసిలికేట్ అయితే 1.5 మి.మీ., పూర్తి జిర్కోనియా (ఇంకా గట్టి సిరామిక్) అయితే 1 మి.మీ. లెక్క పెట్టుకోండి. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఒకటుంది: టెంపరరీ క్రౌన్ చేశాక దాన్ని తీసి, అతి పలచగా ఉన్న చోట కాలిపర్ పెట్టండి. రేపు సిరామిక్‌కి దొరికే మందం అదే.

పగులు లోపలి మూల నుంచి మొదలైంది

కారణం: ప్రిపరేషన్‌లో, అంటే క్రౌన్ కోసం అరగదీసిన పంటి మీద, పదునైన అంచు. బలమంతా అక్కడే పోగుపడుతుంది. మిల్లింగ్ క్రౌన్లలో (మెషిన్ చెక్కేవాటిలో) దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మిల్లింగ్ బర్ (తిరుగుతూ చెక్కే పనిముట్టు) కొనకి ఎంతో కొంత లావు ఉంటుంది కదా. పంటి అంచు అంతకంటే సన్నగా ఉంటే ఆ ఆకారాన్ని లోపల అచ్చుగా చెక్కలేదు. క్రౌన్ అడ్డుపడకుండా దిగాలని సాఫ్ట్‌వేర్ అక్కడ ఎక్కువ తవ్విస్తుంది. సిరామిక్ పలచనవుతుంది, ఆ ఖాళీలో సిమెంట్ మందంగా నిండుతుంది. ముందుపళ్ల కొసల్ని కత్తిలా వదిలేస్తే జరిగేది సరిగ్గా ఇదే.

పరిష్కారం: చివర్లో ఫైన్ గ్రిట్, గుండ్రటి కొన ఉన్న బర్‌తో ప్రతి మూలనీ మొద్దు చేయండి. ప్రోబ్‌ని అంచు మీదుగా అడ్డంగా లాగితే జారిపోవాలి. తట్టుకుందంటే పని మిగిలే ఉంది. ముందుపళ్ల కొస కనీసం 1 మి.మీ. వెడల్పు ఉండేలా చూడండి.

మార్జిన్ (క్రౌన్ పంటిని కలిసే అంచు) దగ్గర అర్ధచంద్రంలా ముక్క ఊడింది

కారణం: మార్జిన్ ఈకలా సన్నగా ఉండటం, లేదా చాంఫర్ (మార్జిన్ దగ్గర వంపు తిరిగిన మెట్టు) చెక్కే బర్ మరీ లోపలికి దిగి బయటి అంచున పెదవిలా నిలబడటం.

పరిష్కారం: గ్లాస్ సిరామిక్‌కి సుమారు 1 మి.మీ. వెడల్పున, లోపలి మూల గుండ్రంగా ఉండే షోల్డర్ (చదునైన మెట్టు) గానీ లోతైన చాంఫర్ గానీ ఇవ్వండి. జిర్కోనియా ఇంతకంటే సన్నని చాంఫర్‌తోనూ నెగ్గుకొస్తుంది. బర్ లావులో సగానికి మించి పంటిలోకి దించకపోతే పెదవి రాదు.

పగల్లేదు, ఊడొచ్చింది

పన్ను పొట్టిగా ఉండి, టేపర్ (పైకి పోయేకొద్దీ సన్నబడటం) ఎక్కువై ఉంటుంది. మోలార్లకి (వెనకటి పెద్ద దవడ పళ్లకి) 4 మి.మీ., మిగతావాటికి 3 మి.మీ. ఎత్తు, ఎదురెదురు గోడల మధ్య మొత్తం కోణం 10 నుంచి 20 డిగ్రీలు ఉండేలా చూసుకోండి. ఎత్తు రాకపోతే బాండింగ్ (సిమెంట్ అతుకు) మీద ఆధారపడాలి. లిథియం డైసిలికేట్‌కి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో లోపలి ముఖాన్ని గరుకు చేసి, సిమెంట్ అతుక్కోవడానికి సైలేన్ రాయాలి. జిర్కోనియాకి ఆ యాసిడ్‌తో లాభం లేదు, శాండ్‌బ్లాస్ట్ చేసి, జిర్కోనియాకి సిమెంట్ పట్టేలా చేసే ఎండీపీ ప్రైమర్ రాయాలి.

కొత్త క్రౌన్ కూడా అక్కడే పగిలింది

పాత ప్రిపరేషన్‌నే మళ్లీ స్కాన్ చేసి పంపి ఉంటారు. ముందు పంటిని సరిచేయండి. పల్ప్ (పంటి లోపలి నరం) దగ్గరై ఇక తగ్గించే వీల్లేకపోతే మెటీరియల్ మార్చండి. ఆకారం, మందం అన్నీ సరిగ్గా ఉన్నా పగిలితే, బిగించాక ముతక డైమండ్ బర్‌తో పైభాగం సరిచేసి పాలిష్ చేయకుండా వదిలేశారేమో గుర్తు చేసుకోండి. పేషెంట్ నిద్రలో పళ్లు నూరతారేమో కూడా అడగండి.