‘ఎలా ఉంది?’ అని మాత్రం అడగకండి

ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి ‘సినిమా ఎలా ఉంది?’ అని అడిగితే వచ్చే జవాబులు మూడే: బాగుంది, పరవాలేదు, ఒకసారి చూడవచ్చు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో, ఒకే తెర ఉన్న హాలుకు నేను ఇరవై రెండేళ్లుగా మేనేజరుని. ఈ మూడు మాటలను నమ్మి రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను. ఆ తర్వాతే జనం మనసులో మాట రాబట్టే పద్ధతి ఒకటి నాకంటూ కుదిరింది. సినిమా క్లబ్బు నడిపేవారికి, పత్రికకు నాలుగు ముక్కలు రాసేవారికి, నాలాగా రేపు ఎన్ని ఆటలు వేయాలో ఈ రాత్రికే తేల్చుకోవలసినవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

అన్ని సినిమాలకూ ఒకే పద్ధతి పనిచేయదు. మామూలు మనిషికి శక్తులు వచ్చి సూపర్ హీరో అయ్యే కథ ఉంది చూడండి, దాని మీద అభిప్రాయం పట్టుకోవడం మరీ కష్టం. చివరి పావుగంట అదిరితే మొదటి గంట విసుగు మరచిపోతారు. పిల్లలకు నచ్చితే పెద్దలు తమ మాట దాచుకుంటారు. అందుకే ఉదాహరణకు ‘హనుమాన్’ను తీసుకుంటాను.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో తేజ సజ్జా నటించిన ఆ సినిమా 2024 జనవరి 12, శుక్రవారం విడుదలైంది. అదే రోజు మహేష్ బాబు ‘గుంటూరు కారం’ వచ్చింది. మా జిల్లా పేరే సినిమా పేరైతే ఇక ఇక్కడ మరో సినిమాకు చోటెక్కడిది? ‘హనుమాన్’కు మా హాలులో మొదటి రోజు దక్కినవి రెండే ఆటలు. ఆ రాత్రి యజమాని ఫోను చేసి, ‘జనం ఏమంటున్నారయ్యా? ఆటలు పెంచుదామా?’ అని అడిగారు. ఆయనకు కావలసింది పొగడ్తా కాదు, తిట్టూ కాదు. ఆదివారం భోగి నాటికి కుర్చీలు నిండుతాయా లేదా అన్నది.

మొదట చేయవలసిన పని, జనాన్ని కదిలించే ముందు సినిమా మీరు ఒకసారి చూడడం. చూస్తూ ఐదు సంగతులు కాగితం మీద వేసుకోండి. శక్తి లేనప్పుడు హీరో ఎలా బతికాడు, శక్తి ఎక్కడ దొరికింది, మొదటిసారి దేనికి వాడాడు, దాని హద్దు ఏమిటి, విలన్‌కు ఏం కావాలి. ‘హనుమాన్’లో అయితే ఇలా: అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేస్తూ తిరిగే హనుమంతు, సముద్రం అడుగున దొరికిన రుధిరమణి, దాని మీద ఎండ పడితేనే వచ్చే బలం, సూపర్ హీరో కావాలన్న పిచ్చితో ఎంతకైనా తెగించే మైఖేల్. ఈ చీటీ జేబులో లేకపోతే ఎవరైనా ‘అక్కడ బాగుంది’ అన్నప్పుడు అది ఏ ‘అక్కడ’ అన్నది మీకు తెలియదు.

రెండో పని హాలు లోపలే. ఎవరినీ ఏమీ అడగకుండా వెనక గోడకు ఆనుకుని నిలబడండి. చీకట్లో ఫోన్లు మిణుగురు పురుగుల్లా వెలుగుతుంటాయి. లెక్కపెట్టండి. హీరోకు శక్తి దొరికేలోపు ఎన్ని వెలిగాయి, దొరికాక ఎన్ని వెలిగాయి అన్నది రెండు అంకెలు. శుక్రవారం మ్యాట్నీలో మొదటి అంకె నాకు తొమ్మిది వచ్చింది, రెండోది రెండు. ఇంటర్వెల్ తర్వాత ఒక దశలో మళ్లీ పదిహేనుకు చేరింది. పతాక సన్నివేశంలో ఒక్కటీ లేదు అని రాయబోయాను. నిజానికి చాలానే వెలిగాయి, కానీ అవన్నీ తెర వైపు ఎత్తి పట్టుకున్నవి. ఒళ్లో వెలిగే ఫోను వేరు, తల పైకి లేచిన ఫోను వేరు. కలిపి లెక్కపెట్టారో, మొత్తం తారుమారవుతుంది. తెరను ఫోనులో పట్టడం నేరమని టార్చి వేసి మందలించడం కూడా నా ఉద్యోగమే కాబట్టి ఆ లెక్క కొంచెం గందరగోళంగానే సాగింది.

మూడోది ఇంటర్వెల్. ఉన్నది పావుగంటే. క్యాంటీన్ దగ్గర సమోసాల కోసం నిలబడ్డవారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే, అదీ పిల్లలను అడగండి: ‘వాడికి బలం ఎప్పుడు వస్తుంది?’

ఆ రోజు నేను అడిగిన పిల్లవాడికి తొమ్మిదేళ్లుంటాయి. ఒక చేత్తో కూల్ డ్రింకు, ఇంకో చేత్తో మామ్మగారి కొంగు పట్టుకుని ఉన్నాడు. ‘రాయి మీద ఎండ పడాలి కదండీ’ అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసి. ‘మరి రాత్రి పూటో?’ అన్నాను. ‘రాత్రి అయితే మామూలు మనిషే. అందుకే భయం.’ మామ్మగారు నవ్వి, ‘ఆ రాయీ ఎండా నాకు పట్టలేదు బాబూ. ఆ అక్క ఉంది చూశావూ, తమ్ముడి కోసం పడే తాపత్రయం, అది బాగుంది’ అన్నారు.

ఆ రెండు మాటల్లో నాకు సగం సినిమా దొరికింది. శక్తులు వచ్చే కథలో అసలు వెన్నెముక శక్తి కాదు, దాని హద్దు. హద్దు ఏమిటో పిల్లవాడు ఒక్క వాక్యంలో చెప్పగలిగాడంటే దర్శకుడు కథ విప్పి చెప్పినట్టే. ‘ఏమో, కొడుతున్నాడు’ అని ఊరుకుంటే ఆ సినిమా పోరాటాల బలం మీదే నడవాలి, వారం తిరిగేసరికి ఆయాసం వస్తుంది. ఇక మామ్మగారి మాట. హద్దు పట్టనివారికి పట్టుకోవడానికి ఇంకేదైనా ఉందా? వరలక్ష్మి శరత్‌కుమార్ చేసిన అంజమ్మ పాత్ర పేరు ఆ రోజు నా పుస్తకంలో ఆడవాళ్ల నోట ఏడుసార్లు పడింది. హీరోయిన్ పేరు ఒక్కసారి.

ఆట వదిలాక గేటు దగ్గర నిలబడకండి. అక్కడ అందరూ తోసుకుంటూ వస్తారు, పక్కవాడు ఏమన్నాడో అదే తామూ అంటారు. సైకిల్ స్టాండు దగ్గర నిలబడండి. బండి తాళం వెతుక్కునే ఆ రెండు నిమిషాల్లో మనిషి ఒంటరిగా ఉంటాడు. చేతిలో మైకు, కెమెరా ఉండకూడదు. మైకు కనిపించిన మరుక్షణం మనిషి మారిపోతాడు; తల దువ్వుకుని, గొంతు పెంచి, ఎవరో రాసిచ్చిన డైలాగు చెప్పినట్టు చెబుతాడు. నా దగ్గర ఉండేది నలభై పేజీల నోటుపుస్తకం, చెవి మీద పెన్ను. పేరు అడగను. ఏ తరగతి టికెట్టు, సుమారు వయసు, అన్న మాట అన్నట్టుగా, అంతే.

అడిగేది కూడా సన్నివేశం గురించే. ‘ఎక్కడ లేచి వెళ్లిపోవాలనిపించింది?’ అనండి. మొహమాటస్తులు కూడా దీనికి జవాబు చెబుతారు, ఎందుకంటే మీరు సినిమాను తిట్టమనడం లేదు, చోటు చూపించమంటున్నారు. ఇంకొకటి: ‘విలన్ ఎందుకు అలా అయ్యాడు?’ ‘హనుమాన్’కు ఈ ప్రశ్న బాగా పనిచేసింది. సూపర్ హీరోలందరికీ తల్లిదండ్రులు ఉండరన్న వెర్రి లెక్కతో చిన్నప్పుడే మైఖేల్ చేసిన ఘోరం సినిమా మొదట్లోనే వస్తుంది. అది కుర్రవాళ్లందరికీ గుర్తుంది. ‘మరి పెద్దయ్యాక?’ అంటే మాత్రం చాలామంది నీళ్లు నమిలారు. ‘కోటు వేసుకుని తిరిగాడు’ అన్నాడొకడు. రెండో సగంలో ఒళ్లో ఫోన్లు ఎందుకు వెలిగాయో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు, విన్నదాన్ని జల్లెడ పట్టడం. ఇక్కడే కొత్తవారు తప్పటడుగు వేస్తారు.

‘ఇంత బడ్జెట్‌లో ఆ గ్రాఫిక్స్ గొప్పే’ అన్న మాట ఆ వారం వందసార్లు వినిపించి ఉంటుంది. నిజమే, మెచ్చుకోవలసిందే. కానీ అది నిర్మాత జేబు మీద అభిప్రాయం. టికెట్టు కొన్నవాడికి బడ్జెట్‌తో ఏం పని? అలా అన్నవారిని ‘బడ్జెట్ సంగతి తెలియకపోతే?’ అని అడిగి, రెండో జవాబు రాసుకోండి.

భక్తిని వేరే పేజీలో రాయండి. పతాక సన్నివేశంలో హనుమంతుడి కళ్లు తెరుచుకున్నప్పుడు మా హాలులో ‘జై శ్రీరామ్’ అని దద్దరిల్లింది, చెప్పులు విప్పి దండం పెట్టినవారూ ఉన్నారు. కన్నీళ్లతో బయటికి వచ్చే మనిషిని ‘రెండో సగం సాగిందా అండీ?’ అని అడగడం మర్యాదా కాదు, ఉపయోగమూ లేదు. మర్నాడు కిరాణా కొట్టు దగ్గర కనిపిస్తే అడగండి. ఆ నెల 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ ఉండడం, అమ్మిన ప్రతి టికెట్టు నుంచి ఐదు రూపాయలు రామాలయానికి ఇస్తామని చిత్రబృందం ప్రకటించడం, ఇవన్నీ ఆ రోజుల గాలిలో ఉన్నాయి. ‘ఆ ఐదు రూపాయలూ ఈ రేటులోనే ఉన్నాయా, అదనంగా ఇవ్వాలా?’ అని కౌంటర్లో ఒక పెద్దాయన అడిగారు. ఆయన ఇచ్చేది సినిమా అభిప్రాయమా, మరొకటా? నేను రెండో పేజీలోనే వేశాను.

తర్వాతి భాగం పిలుపు కూడా ఇంతే. సినిమా అయిపోతూనే ‘జై హనుమాన్’ అని రెండో భాగం పేరు పడింది. ఈలలు వేస్తూ బయటికి వచ్చిన కుర్రాళ్లు పొగుడుతున్నది అప్పటికి తీయని సినిమాను. వారిని పది నిమిషాలు టీ తాగనిచ్చి, ‘ఇందులో నీకు నచ్చిన ఒక్క సన్నివేశం చెప్పు’ అనండి. కోటి అనే కోతికి రవితేజ గొంతు గురించి చెబితే సరే, అది ఈ సినిమాలోనిదే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పే నేను ఆ శుక్రవారం రాత్రి తప్పు సలహానే ఇచ్చాను. పుస్తకంలో ‘రెండో సగం సాగింది’ అన్న మాట పదకొండుసార్లు ఉంది. అది చూసి యజమానితో ‘ఆటలు పెంచవద్దండీ, పండుగ దాటితే నిలవదు’ అన్నాను. ఆయన చదువుకున్నది నా కంటే తక్కువ, హాలు నడిపింది నా కంటే ఎక్కువ. ‘సాగింది అన్నవాళ్లు మళ్లీ టికెట్టు ఎవరికి కొంటున్నారో చూశావా?’ అన్నారు. చూడలేదు.

శనివారం నుంచి ఆ లెక్క మొదలుపెట్టాను. రెండోసారి వచ్చిన ముఖాలను బుకింగ్ కిటికీ దగ్గరే గుర్తుపట్టాలి. దీనికి మా బుకింగ్ క్లర్కు కళ్లే ఆధారం. ఎవరు మళ్లీ వచ్చారన్నది ఒక అంకె, ఎవరిని వెంటబెట్టుకొచ్చారన్నది రెండోది. స్నేహితుడితో వస్తే ఒక గీత, ఇంట్లోవారితో వస్తే రెండు గీతలు, పిల్లలతో పాటు ముసలివారిని కూడా నడిపించుకొస్తే మూడు. ఒళ్లు నొప్పులున్న అత్తగారిని రెండున్నర గంటలకు పైగా కుర్చీలో కూర్చోబెట్టాలంటే ఆ కోడలికి సినిమా మీద ఎంత నమ్మకం ఉండాలి!

శుక్రవారం మ్యాట్నీలో ‘ఇంటర్వెల్ తర్వాత కాస్త నిద్ర వచ్చింది’ అని నాతో అన్న టీచరమ్మ కనుమ నాడు ఫస్ట్ షోకు వచ్చారు. వెంట అత్తగారు, ఐదుగురు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన మరిది. ‘నిద్ర వచ్చిందన్నారు కదమ్మా?’ అన్నాను టికెట్లు చింపుతూ. ‘వచ్చింది. అక్కడ పిల్లలను బాత్రూముకు తీసుకెళ్తాను, ఇంకేం?’ అన్నారావిడ. ఆ మాట అలాగే పుస్తకంలో రాసి, పక్కన మూడు గీతలు పెట్టాను. అప్పటికి మా హాలులో ‘హనుమాన్’ నాలుగు ఆటలూ ఆడుతోంది.