గేర్‌బాక్స్ లెక్కలు – 4వ పాఠం: మన రోడ్డుకు తగ్గ రేషియో

పోయిన పాఠంలో టైరు చుట్టుకొలత కొలిచాం. డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, నేలమీద చాక్‌పీసు గీత పెట్టి, చక్రాన్ని ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలిచిన ఆ అంకె ఈ రోజు కావాలి. ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ కూడా దగ్గర పెట్టుకోండి.

ఈ పాఠంలో తేల్చుకోవాల్సింది ఇది: మాన్యువల్ స్పోర్ట్స్ కారు గేర్లు మనం రోజూ తిరిగే రోడ్డుకు సరిపోతున్నాయా? సరిపోకపోతే దేన్ని మార్చాలి? చాలామంది టాప్ స్పీడ్ దగ్గర మొదలుపెడతారు. అది వద్దు. నాలుగు లేన్ల డివైడర్ రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. మామూలు రోడ్ల మీద 70. జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబర్ హైవే అయినా, చిట్యాల, నకిరేకల్ మీదుగా పోయే 65 అయినా మన లెక్క 100 దగ్గర ఆగాలి. కల్వకుర్తి నుంచి మన్ననూర్ దాటి శ్రీశైలం పోయే 765 మీద 25 నుంచి 70 మధ్యే మన పని. రేషియోను ఎంచుకోవాల్సింది ఈ వేగాలను చూసి.

సూత్రం చిన్నదే. ఇంజిన్ ఆర్‌పీఎంను (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకెను) టైరు చుట్టుకొలతతో (మీటర్లలో), తర్వాత 60తో గుణించండి. వచ్చినదాన్ని గేరు రేషియోతో (గేర్‌బాక్స్ బయటి షాఫ్టు ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకెతో), ఫైనల్ డ్రైవ్ రేషియోతో (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలను తిప్పే ఆఖరి పళ్ల జత రేషియోతో), చివరగా 1000తో భాగించండి. అదే గంటకు కిలోమీటర్లలో వేగం. రేషియో అంకె పెద్దదైతే ఆ గేరు పొట్టిది. అంటే లాగుడు ఎక్కువ, వేగం తక్కువ. అంకె చిన్నదైతే పొడుగు గేరు. ఈ ఒక్కటీ తలకిందులుగా గుర్తు పెట్టుకుంటే లెక్కంతా తలకిందులవుతుంది.

ఉదాహరణకు ఒక నిజమైన కారు తీసుకుందాం. మజ్దా అనగానే మనవాళ్లకు స్వరాజ్ మజ్దా బండ్లు గుర్తొస్తాయి. ఆ మజ్దా కంపెనీయే 1989లో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చింది. మన దేశంలో కంపెనీ దాన్ని అమ్మలేదు. అయినా పాఠానికి దాన్నే ఎంచుకున్నాను. ఎందుకంటే అందులో గేర్‌బాక్స్ ముందు, ఫైనల్ డ్రైవ్ వెనక డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టెలో), రెండూ వేర్వేరుగా ఉంటాయి. ఏది మారిస్తే ఏమవుతుందో విడివిడిగా చూడొచ్చు.

మొదటి తరం 1.6 లీటర్ల కారులో ఐదు గేర్ల రేషియోలు వరుసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. ఫైనల్ 4.3, అంటే అందులోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్ వీల్‌కు 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కు 10. టైరు 185/60 ఆర్14. లెక్క ప్రకారం దాని చుట్టుకొలత 1.815 మీటర్లు. ఇంజిన్‌ను 7000 దాకా తిప్పితే మొదటి గేరు 56 దాకా, రెండోది 94 దాకా, మూడోది 133 దాకా పోతుంది. ఐదో గేరులో 100 వేగానికి ఇంజిన్ 3214 దగ్గర తిరుగుతుంది. నా మాట మీద పోకుండా, ఈ అంకెలు వస్తున్నాయో లేదో మీరు ఒకసారి వేసి చూసుకోండి.

ఇక మెట్ల సంగతి. ఒక గేరు రేషియోను తర్వాతి గేరు రేషియోతో భాగిస్తే వచ్చేదే మెట్టు. ఈ కారులో ఒకటి నుంచి రెండుకు 1.66, రెండు నుంచి మూడుకు 1.42, తర్వాత 1.33, ఆఖరున 1.23. చూశారా, మెట్టు పైకి పోయేకొద్దీ చిన్నదవుతోంది. దీనికి కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి ఆపే బలం నాలుగింతలవుతుంది. కింది గేర్లలో ఇంజిన్ దగ్గర బలం మిగులుంటుంది కాబట్టి పెద్ద మెట్టునూ ఓర్చుకుంటుంది. పైన ఆ మిగులు ఉండదు. గేరు మార్చగానే ఆర్‌పీఎం బాగా పడిపోతే బండి నీరసపడుతుంది. అందుకే మీ కారు మెట్లు కూడా ఇలా తగ్గుకుంటూ వస్తున్నాయేమో ముందుగా చూడండి. వరుసగా తగ్గుతుంటే గేర్‌బాక్స్ విప్పాల్సిన పని దాదాపు ఉండదు. మధ్యలో ఎక్కడైనా మెట్టు ఉన్నట్టుండి పెద్దదైతే, అప్పుడే గేర్ల సెట్టు గురించి ఆలోచించాలి. ఈ తేడా తెలియకుండా గేర్‌బాక్స్ విప్పించి డబ్బు పోసుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధగా ఉంటుంది.

మెట్లు బాగానే ఉండి, అన్ని గేర్లూ కలిసి పొడుగ్గా ఉంటే ఫైనల్ డ్రైవ్ మార్చాలి. మన ఉదాహరణ కారుకు 43కు 9 పళ్ల ఫైనల్ వేశామనుకోండి. రేషియో 4.778 అవుతుంది. ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు 11 శాతం పెరుగుతుంది. మెట్లు మాత్రం మారవు. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యాం వైపు దిగే ఘాట్‌ను తలచుకోండి. మలుపుల్లో 35 వేగంతో రెండో గేరులో దిగుతుంటే పాత ఫైనల్‌తో ఇంజిన్ 2610 దగ్గర ఉంటుంది. కొత్తదానితో 2900 దగ్గర ఉంటుంది. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు అంత వేడెక్కవు. ఎక్కేటప్పుడు మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే బండి వెంటనే అందుకుంటుంది. ఈ దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను పోనివ్వరు కూడా. అక్కడ పొట్టి గేరు కావాలనడం పరుగులు తీయడానికి కాదు, తక్కువ వేగంలో బండి చెప్పినట్టు వినడానికి.

అయితే పొట్టి ఫైనల్ వేస్తే అన్ని వేగాల్లోనూ లాభమే అనుకోకండి. ఈ పాఠంలో అన్నింటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన చోటు ఇదే. కొత్త ఫైనల్‌తో రెండో గేరు 84 దగ్గరే అయిపోతుంది. పాతదానితో 94 దాకా ఉండేది. మరి 90 వేగం దగ్గర ఏమవుతుంది? పాత కారు ఇంకా రెండో గేరులోనే ఉండొచ్చు. గేరు రేషియోను ఫైనల్‌తో గుణిస్తే 8.12. కొత్త కారు అప్పటికే మూడో గేరుకు వచ్చేసి ఉంటుంది. గుణిస్తే 6.35 మాత్రమే. అంటే ఇంజిన్‌ను చివరిదాకా తిప్పితే 84 నుంచి 94 మధ్య పాత కారే ఎక్కువ లాగుతుంది! 51 నుంచి 56 మధ్య మొదటి గేరుకూ ఇదే జరుగుతుంది. పొట్టి గేర్ల లాభం కొన్ని వేగాల్లో వస్తుంది, కొన్ని వేగాల్లో పోతుంది. మీరు ఎక్కువగా ఉండే వేగాలు లాభం వైపు పడుతున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి.

రెండో నష్టం హైవే మీద. 100 దగ్గర ఐదో గేరులో 3214 ఉన్న ఇంజిన్ ఇప్పుడు 3571కు పోతుంది. షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఆ మోత వింటూ పోవాలి, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. వారం వారం ఆ హైవే మీదే తిరిగే పాలమూరు మనిషి అడిగితే ఫైనల్ ముట్టుకోవద్దనే చెబుతాను. అచ్చంపేటలో ఉంటూ ఘాట్ ఎక్కి దిగేవాళ్లకైతే మార్చుకోమంటాను. రెండూ కావాలంటే ఒక మధ్యదారి ఉంది. పొట్టి ఫైనల్ వేసి, ఐదో గేరును మాత్రం పొడుగు చేయడం. 4.778కు 0.73 ఐదో గేరు దొరికితే 100 వేగం దగ్గర ఆర్‌పీఎం మళ్లీ పాత చోటికే వస్తుంది. నాలుగు నుంచి ఐదుకు మెట్టు 1.37 అవుతుంది, కిందిదానికన్నా పెద్దది. ఇందాక చెప్పిన నియమం ఇక్కడ తప్పుతుంది. అయినా ఐదో గేరును హైవేలో తీరిగ్గా పోవడానికే వాడతాం కాబట్టి నాకు ఇది మంచి బేరమే.

గేర్లు మరీ పొడుగైతే ఎలా ఉంటుందో పోర్షే 718 కేమన్ జీటీ4 చూస్తే తెలుస్తుంది. మాన్యువల్ కారులో మొదటి గేరు 3.31, రెండోది 1.95, ఫైనల్ 3.89, వెనక టైరు 295/30 ఆర్20. ఇంజిన్ 8000 దాకా తిరుగుతుంది. మొదటి గేరే 80 దాకా, రెండోది 136 దాకా పోతాయి. మన మామూలు రోడ్డు మీద 70 పరిమితి అంటే మొదటి గేరులోనే అయిపోతుంది, రెండో గేరును దాదాపు సగం దాకానే వాడగలం. ఇలాంటి కారులో పొట్టి గేర్లు వేసుకోవాలని ఎవరైనా అంటే తప్పు పట్టలేం. కానీ అందులో గేర్‌బాక్స్, ఫైనల్ ఒకే హౌసింగ్‌లో ఉంటాయి. ఏది మార్చాలన్నా పెట్టె దింపి విప్పాల్సిందే. పని పెద్దది, ఖర్చూ పెద్దదే.

పని చేయించేటప్పుడు ఇవి మరవకండి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే వేయాలి. రెండింటినీ కలిపి ఒరిపిడి పెట్టి తయారుచేస్తారు. ఒకటి ఒక చోటిది, రెండోది ఇంకో చోటిది కలిపితే మోత వస్తుంది, పళ్లు పోతాయి. సూర్యాపేట, మిర్యాలగూడ వైపు లారీల డిఫరెన్షియల్ సెట్టింగ్ చేసే మేస్త్రీలకు షిమ్ములు (సందు సరిచేసే పలచని రేకులు) వేయడం, పళ్లకు రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతుందో చూడడం బాగా తెలుసు. వాళ్ల చేతిని నమ్మొచ్చు. కాకపోతే బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదిలే సందు) ఎంత ఉంచాలో మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోంచి చూపించండి, లారీ అలవాటు కొలత వద్దు. డిఫరెన్షియల్‌లో జీఎల్-5 రకం గేరు ఆయిల్ పోస్తారు. గేర్‌బాక్స్‌కు జీఎల్-4 రాసి ఉంటే అదే పోయండి. జీఎల్-5లో కలిపే మందులు ఇత్తడి సింక్రో రింగులను (గేరు మార్చేటప్పుడు మోత లేకుండా కలిసేలా చేసే రింగులను) తినేసే ప్రమాదం ఉంది.

ఎంఎక్స్-5లో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచే వస్తుంది. ఫైనల్ 4.778 చేస్తే 100 పోతున్నప్పుడు మీటరు 111 చూపిస్తుంది. పొడుగు ఫైనల్ వేస్తే తక్కువ చూపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం, మీకు తెలియకుండానే పరిమితి దాటుతారు. స్పీడో గేరు కూడా మార్పించండి. ఇక చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గేరు రేషియో ఆర్‌సీలో ఉండదు. అయినా పని మొదలుపెట్టే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి చెప్పి, వాళ్ల జవాబు దాచుకోండి.

ఇంటి పని. మన ఉదాహరణ కారుకే 41కి 10 పళ్ల ఫైనల్ వేసి రెండు అంకెలు కట్టండి: 7000 దగ్గర రెండో గేరు వేగం, 100 వేగానికి ఐదో గేరు ఆర్‌పీఎం. తర్వాత మీ సొంత కారుకు మెట్లు వేయండి. ఒక వారం పాటు ఏ గేరులో ఏ వేగం దగ్గర ఎక్కువగా ఉంటున్నారో, బండి దిగాక రాసుకోండి. 5వ పాఠంలో జవాబులు సరిచూసుకుని, ఆ కాగితం చూసే మీ కారుకు ఫైనల్ ఎంచుకుందాం.