విదేశీ సిమ్ కొనేముందు మన సిమ్ సంగతి చూసుకోండి

పరాయి దేశంలో ప్రీపెయిడ్ సిమ్ కొనడం పెద్ద పనేం కాదు. పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు, సౌదీలో అయితే వేలిముద్ర కూడా అడుగుతారు. తిప్పలన్నీ మన సిమ్‌తోనే. బ్యాంకు ఓటీపీ, ఆధార్, ఫోన్‌పే అన్నీ దాని మీదే గనక, నెల్లూరులో చెన్నై ఎయిర్‌పోర్టుకు కారెక్కక ముందే దాని పని చూసుకోవాలి.

ముందుగా ఫోన్ ట్రే లాగి చూడండి. చాలా ఫోన్లలో రెండో గడిలో సిమ్మో, మెమరీ కార్డో ఏదో ఒకటే పడుతుంది. పెళ్లి ఫొటోల కార్డు అందులో కూర్చుంటే కొత్త సిమ్‌కు చోటు లేనట్టే. ఫొటోలు వేరేచోటికి ఎక్కించి కార్డు ఇంట్లో పెట్టేయండి. *#06# కొట్టినప్పుడు ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే నంబరు కూడా కనిపిస్తే ఆ ఫోన్‌కు ఈసిమ్ (కార్డు అక్కర్లేకుండా ఫోన్‌లోనే ఎక్కే సిమ్) పడుతుంది, ట్రే గొడవే ఉండదు. పెద్దవాళ్ల 2జీ కీప్యాడ్ ఫోన్ మాత్రం నమ్ముకోవద్దు: సింగపూర్‌లో 2జీని 2017లోనే తీసేశారు.

ఇక్కడుండగానే మన సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. ఓటీపీ మెసేజ్‌లు వచ్చినందుకు మామూలుగా డబ్బు పడదు. కాల్ ఎత్తితే మాత్రం కోత పడుతుంది, కాబట్టి తెలియని నంబరు ఎత్తకండి. రీఛార్జ్ గడువు దాటితే ఓటీపీలు కూడా ఆగిపోవచ్చు. అసలు వాడకమే లేకుండా 90 రోజులు గడిస్తే నంబరే పోయే ప్రమాదముంది. ఆ రీఛార్జ్ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పి వెళ్లండి.

అక్కడ సిమ్ విరిచి తీసుకున్నాక మిగిలిన ప్లాస్టిక్ చట్రం పారేయకండి. సిమ్ పిన్, లాక్ అయిన సిమ్‌ను తెరిచే పీయూకే నంబర్లు చాలాసార్లు దాని మీదే ఉంటాయి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది, పీయూకే పదిసార్లు తప్పితే ఇక దాన్ని పారేయాల్సిందే. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు కొత్త సిమ్ ఎంచుకోండి. సిగ్నల్ తగ్గినప్పుడు రెండో సిమ్‌కు దానంతటదే మారే ఆప్షన్ ఉంటే తీసేయండి. గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోతే తప్పు సాధారణంగా ఏపీఎన్‌లో (ఫోన్‌ను కంపెనీ నెట్‌కు కలిపే సెట్టింగ్‌లో) ఉంటుంది. కొన్న షాపులోనే అడిగి పెట్టించుకుని, ఒకసారి ఫోన్ ఆపి వేసి, నెట్ వచ్చాకే బయటికి రండి.

వాట్సాప్ నంబరు మార్చాలా అని అడిగితే వద్దనండి, పాత నంబరే కొత్త డేటాతో నడుస్తుంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవకపోతే సిమ్‌ను తిట్టి లాభం లేదు, అక్కడ ఆ కాల్స్‌కు అనుమతి లేదు. బోటిమ్ లాంటి యాప్‌కు ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ వేసుకుంటారు.

ఇంటి నంబర్లన్నీ ముందే +91తో సేవ్ చేయండి. సున్నా నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. ల్యాండ్‌లైన్‌కు ముందున్న సున్నా తీసేయాలి: నెల్లూరు 0861 అయితే +91 861, ఒంగోలు 08592 అయితే +91 8592.

ఒకే సిమ్ పట్టే ఫోనైతే మన సిమ్ తీయక తప్పదు. తీసి మళ్లీ వేస్తే యూపీఐ యాప్‌లు కొన్ని మళ్లీ వెరిఫికేషన్ అడుగుతాయి. ఆ వెరిఫికేషన్ మెసేజ్ మన సిమ్ నుంచే పోవాలి, విదేశం నుంచి దానికి ఛార్జీ పడుతుంది, ఒక్కోసారి వెళ్లదు కూడా. ఇలాంటివాళ్లు ఓ పాత ఫోన్‌లో మన సిమ్ వేసి వెంట తీసుకెళ్లడం మేలు. సిమ్ ట్రే తీసే పిన్ను కూడా పర్సులో వేసుకోండి, చెవిపోగుతో పొడిచి రంధ్రం పాడుచేసుకోకుండా.