స్కేట్‌బోర్డు మొదలుపెట్టిన అమ్మాయికి: తప్పు ఎక్కడుంది, ఎట్లా సరిచేసుకోవాలి

మొదటి నెలలో వచ్చిన కష్టాలన్నీ నా వల్లే అనుకున్నాను. బోర్డు తిరగదు, రెండడుగులు పోయి ఆగిపోతుంది, చూసినవాళ్ళేమో "ఆడపిల్లవి, నీకు బ్యాలెన్స్ కుదరదులే" అంటారు, నేనూ నమ్మేశాను. తర్వాత ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటే సగానికి పైగా తప్పు బోర్డుది, నేలది. అనంతపురంలో నేర్పేవాళ్ళెవరూ పక్కన లేకుండా మొదలుపెట్టే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నా. నీకు జరుగుతున్నది ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్ళి చదువుకో.

ఎంత నెట్టినా నాలుగడుగులు పోయి ఆగిపోతోంది

బోర్డు తిరగేసి చక్రాన్ని చేత్తో తిప్పు. వెంటనే ఆగిపోతే ముందు నట్టు చూడు, మరీ బిగించేసి ఉంటుంది. 13 నంబరు స్పానరుతో పావు చుట్టు వదులు చెయ్యి, చక్రం ఇరుసు మీద పిసరంత అటూ ఇటూ కదలాలి. అయినా తేడా లేకపోతే బేరింగులు మట్టి పట్టి ఉండొచ్చు (చివర్లో చెప్తా), లేదా నీ దగ్గరున్నది బొమ్మ బోర్డు.

నాది అదే. షాపుకెళ్ళి స్కేటింగ్ బోర్డు అంటే ముందు చక్రాల బూట్లు చూపించారు, అవి కాదంటే లోపల్నుంచి రంగురంగుల బొమ్మలేసిన బోర్డు ఒకటి తెచ్చిచ్చారు. కింద ఇరుసు పట్టుకునే భాగం, అంటే ట్రక్కు, ప్లాస్టిక్‌ది. మూడు వారాలు దాంతోనే కుస్తీ పట్టి నాకు చేతకాదని ఏడ్చాను. అసలు బోర్డుకు మామూలుగా ఏడు పొరల మేపుల్ చెక్క, లోహపు ట్రక్కులు, చక్రానికి రెండు చొప్పున ఎనిమిది బేరింగులు ఉంటాయి. ఆ బేరింగు సైజు 608, చక్రాల బూట్లలోనూ అదే వాడతారు కాబట్టి పాడైతే దొరకడం కష్టం కాదు. వెడల్పు 7.75 నుంచి 8.25 అంగుళాల మధ్య తీసుకో. అమ్మాయిల బోర్డు, అబ్బాయిల బోర్డు అని రెండు రకాలు లేవు, అలా చెప్పి గులాబీ రంగుది అంటగడితే వద్దను.

చిన్న రాయి తగిలినా బోర్డు ఆగిపోయి నేను ముందుకు పడుతున్నా

కొత్త బోర్డుతో వచ్చే చక్రాలు తరచుగా గట్టివి, 99ఏ అని రాసి ఉంటుంది (అది గట్టిదనం కొలత, అంకె తగ్గేకొద్దీ మెత్తన). అవి నున్నటి స్కేట్ పార్కుల కోసం చేసినవి. మన వీధుల్లో సీసీ రోడ్డు మీద చీపురు గీతలుంటాయి, తారు రోడ్డు మీద కంకర తేలి ఉంటుంది, ఇళ్ళ ముందు పరిచిన తాడిపత్రి బండలు, కడప బండలు నున్నగానే ఉన్నా అతుకు అతుక్కీ సందు ఉంటుంది. గట్టి చక్రం ఆ సందులో పడిందంటే బోర్డు అక్కడే, నువ్వు మాత్రం ముందుకి.

పరిష్కారం మెత్తటి చక్రాలు: 78ఏ దరిదాపుల్లో, 56 నుంచి 60 మిల్లీమీటర్ల వ్యాసంతో. రాళ్ళ మీద నుంచి ఎక్కి దాటేస్తాయి, చప్పుడు కూడా తగ్గుతుంది. పెద్ద చక్రం వేస్తే మలుపులో అది చెక్కకు రాసుకుని బోర్డు టక్కున ఆగే ప్రమాదం ఉంది, అందుకని ట్రక్కుకూ చెక్కకూ మధ్య రైజర్ ప్యాడ్ అనే పలుచటి రబ్బరు ముక్క వేయించు. డబ్బులు కుదిరేదాకా ఒక చీపురు వెంట పెట్టుకో. నేను ఇప్పటికీ ఊడ్చాకే బోర్డు దించుతాను. షటిల్ కోర్టు సిమెంటు, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కల్యాణ మండపం పార్కింగు, ఇవి అడిగి చూడదగ్గ చోట్లు. వాచ్‌మన్ అన్నకు ముందే చెప్పి, ఏ టైమ్‌కి వస్తావో ఏ టైమ్‌కి పోతావో మాట ఇవ్వు, ఇచ్చిన మాట ప్రకారం వెళ్ళిపో.

ఎక్కగానే బోర్డు జారిపోయి వెల్లకిలా పడుతున్నా

భయంతో బరువు వెనక్కి వేస్తున్నావు, లేదా ఎక్కేటప్పుడు మొదటి అడుగే తోక మీద, అంటే బోర్డు వెనక చివర మీద వేస్తున్నావు. ముందు కాలు ముందువైపు బోల్టుల దగ్గర పెట్టి, బరువంతా దాని మీదికి తెచ్చాకే రెండో కాలు ఎక్కించు. మోకాళ్ళు వంచే ఉంచు. ఇది బోర్డు కదలని చోట నేర్చుకోవాలి, ఇంట్లో మందపాటి బొంత మీదో ఇసుక మీదో వారం రోజులు ఎక్కడం దిగడం మాత్రమే చెయ్యి. మిద్దె మీద వద్దు, పిట్టగోడ ఉన్నా సరే.

ఏ కాలు ముందుండాలో తెలియకపోతే చెల్లెలినో అక్కనో వెనకనుంచి చెప్పకుండా మెల్లగా తోయమను, ఆపుకోవడానికి ముందు పడే కాలే చాలామందికి ముందు కాలు అవుతుంది. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ అంటారు, రెండూ సరైనవే.

ఒళ్ళంతా వంచినా బోర్డు తిరగట్లేదు

ఇది ముఖ్యంగా సన్నగా ఉన్న అమ్మాయిలు చదవాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ రోజులు ఏడిపించింది ఇదే. ట్రక్కు మధ్యలో బుషింగులని రెండు రబ్బరు ముక్కలు ఉంటాయి. నువ్వు ఒకవైపు వాలితే అవి నలిగి ఇరుసును తిప్పుతాయి. కంపెనీ నుంచి వచ్చేవి తరచుగా మనకంటే బరువున్నవాళ్ళకు సరిపోయేంత గట్టిగా ఉంటాయి, 42 కిలోల పిల్ల ఎంత వాలినా అవి నలగవు. అప్పుడు బోర్డు తిరగక నువ్వే పక్కకు పడతావు, చూసినవాళ్ళు దాన్ని బ్యాలెన్స్ లేదని అంటారు. బ్యాలెన్స్ కాదు, రబ్బరు!

ట్రక్కు మధ్యలోని పెద్ద నట్టును అర చుట్టు వదులు చేసి చూడు, చాలకపోతే ఇంకో పావు. నట్టు పైకి బోల్టు మర కనిపించేంతవరకే, దాటి విప్పకు. అప్పటికీ తిరగకపోతే మెత్తటి బుషింగులు కొను, తక్కువలో అయిపోతుంది, మిగతా ఏ ఖర్చు కన్నా తేడా ఎక్కువ తెలుస్తుంది. అవి మార్చిన రోజే నాకు మొదటిసారి మలుపు వచ్చింది. మార్చిన బోర్డు మీద వాలగానే అది తిరిగిపోతుంటే నమ్మలేకపోయాను.

వదులు చేశాక వేగంలో బోర్డు కిందంతా వణికితే నట్టు కాస్త బిగించి, బరువు ముందు కాలి మీదికి తెచ్చుకో. ఆపడం రాకుండా దిగుడు ఉన్న రోడ్డు ఎక్కకు. ఆపడమంటే వెనక కాలు దించి అరికాలు నేలకు మెల్లగా ఆనించి రాయడం, ఒక్కసారి తొక్కడం కాదు.

పడినప్పుడల్లా చేతులే దెబ్బ తింటున్నాయి

పడేటప్పుడు చెయ్యి చాచడం అసంకల్పితం. అందుకే మణికట్టు గార్డులు మోకాలి ప్యాడ్ల కన్నా ముందు కొనాలని నా అభిప్రాయం. హెల్మెట్ మాత్రం వాటికీ ముందు, లోపల ఈఎన్ 1078 (సైకిలు, స్కేట్‌బోర్డు హెల్మెట్లకు యూరప్‌వాళ్ళ ప్రమాణం) గుర్తు ఉన్నది చూసుకో. జడ కిందికి అల్లుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది, కొప్పు వేస్తే కూర్చోదు. చున్నీ, వేలాడే ప్యాంటు అంచులు, గాజులు ఇంట్లోనే పెట్టి రా. చెప్పులు కాదు, అడుగు చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు.

బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గకపోతే బెణుకే అని వదిలేయకు. అక్కడ చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనబడదు. డాక్టరుకు చూపించి, పది పన్నెండు రోజులకు మళ్ళీ ఎక్స్‌రే అవసరమా అని నోరు తెరిచి అడుగు.

అందరూ చూస్తున్నారు, ఇంట్లో వద్దంటున్నారు

దీనికి స్పానరు లేదు, కానీ కారణాలున్నాయి. చుట్టూ బైకులేసుకుని తిరిగే అబ్బాయిలకు ఒంటరిగా ఉన్న అమ్మాయే కావాలి. ముగ్గురు ఉంటే పట్టించుకోరు. నేను ఉదయం ఐదున్నరకు, వాకింగ్ వాళ్ళు తిరిగే వేళకు పోయేదాన్ని. చీర కొంగు దోపుకుని చకచకా నడిచే అత్తమ్మల మధ్య ఎవరూ ఒక మాట అనలేదు. మే నెలలోనైతే వేరే వేళ కుదరదు కూడా.

ఇంట్లో "కాలు విరిగితే రేపు పెళ్ళెట్లా మే" అని మా అవ్వ అనేది. వాదించకుండా ఒకరోజు వెంట తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టాను. హెల్మెట్, ప్యాడ్లు తొడుక్కోవడం చూశాక సగం భయం పోయింది, రెండోవారం నుంచి నీళ్ళ సీసా తనే పట్టుకునేది. ఒలింపిక్స్ సంగతి కూడా చెప్పు: 2021లో టోక్యోలో అమ్మాయిల స్ట్రీట్ పోటీలో బంగారు పతకం గెలిచిన మొమిజి నిషియా వయసు 13, వెండి గెలిచిన రైసా లీల్ వయసూ 13. అంత దూరం ఎందుకంటే మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో 2015లో స్కేట్ పార్కు కట్టారు, అక్కడి నియమం "అమ్మాయిలకు ముందు". బోర్డులు తక్కువగా ఉంటే అబ్బాయిలు ఆగాల్సిందే. నాకు ఆ నియమం చాలా ఇష్టం.

నెలైనా ఆలీ రావట్లేదు

నెలకు రాదు. ఆలీ అంటే బోర్డుతో పాటు గాల్లోకి ఎగరడం, అది నెట్టడం, ఆపడం, మలుపు, తోక మీద వాలి ముందు చక్రాలు లేపి తిప్పడం, ఇవన్నీ వచ్చాక.

చక్రాలు గరగరమంటున్నాయి

దుమ్ము. వాన నీళ్ళలో తొక్కితే తుప్పు. బేరింగు బయటికి లాగి, మూత తీసి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి తిప్పు, పొయ్యికి దూరంగా. నీళ్ళతో కడగకు, కొబ్బరినూనె వేయకు, అది మట్టిని ఇంకా పట్టుకుంటుంది. పూర్తిగా ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్కో బేరింగులో ఒకటి రెండు చుక్కలు వేసి, మూత పెట్టి, చక్రాన్ని మళ్ళీ చేత్తో తిప్పు. చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంటే బోర్డు రేపు ఉదయానికి సిద్ధం.