ఫోన్ వీడియో డీవీడీ చేస్తే మాట వెనకబడుతోందా? రైట్ చేసే ముందు చూడాల్సినవి

గుంటూరు, విజయవాడల్లో పెళ్లి వీడియోలు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోనో లింకుగానో ఇస్తున్నారు, నిజమే. కానీ ఊళ్లో అమ్మమ్మగారి టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది, ఆవిడకి రిమోట్‌లో ప్లే బటన్ ఒక్కటే అలవాటు, కాబట్టి డీవీడీయే కావాలి. అలా అడిగేవాళ్లు మా దగ్గరికి ఇప్పటికీ వస్తున్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకుని, ఎక్కడో తేడా కొట్టి, డిస్క్ పట్టుకుని వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్ల కోసమే ఇది. డీవీడీ స్టైలర్, డీవీడీ ఫ్లిక్, ఇమ్గ్‌బర్న్ లాంటివి ఇన్‌స్టాల్ చేసుకోవడం, వీడియోని లాగి వదలడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అసలు సంగతికి ముందు ఒక మాట, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయడం లేదు. డిస్క్ మీదకి నేరుగా రైట్ చేయకండి. ముందు హార్డ్ డిస్క్‌లో ఫోల్డర్‌గా తయారు చేయించండి, అందులో వచ్చే వీడియో టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్‌ని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి ఆడించండి. మొదటి రెండు నిమిషాలు చూసి "బాగుంది" అనేసి మూసేయొద్దు. మధ్యలో ఒకచోట చూడండి, చివరి పది నిమిషాలు తప్పకుండా చూడండి. నా దగ్గరికి వచ్చే డిస్కుల్లో చాలావాటి జబ్బు ఆ చివరి పది నిమిషాల్లోనే బయటపడుతుంది, రైట్ చేసిన మనిషి మాత్రం అక్కడిదాకా చూసి ఉండడు.

ప్లేయర్ "నో డిస్క్" అంటోంది, కంప్యూటర్‌లో మాత్రం ఆడుతోంది

డిస్క్‌ని కంప్యూటర్‌లో పెట్టి తెరవండి. లోపల వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపించాలి. దాని బదులు ఎంపీ4 ఫైల్ కనిపిస్తే అది డీవీడీ కాదు, డీవీడీ మీద దాచుకున్న ఫైల్, అంతే. విండోస్‌లో ఖాళీ డిస్క్ పెట్టగానే ఎలా వాడతారని అడుగుతుంది కదా, అందులో "సీడీ, డీవీడీ ప్లేయర్‌తో" అన్నది ఎంచుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు, అది వీడియోని మార్చదు, ఉన్న ఫైల్‌ని ఉన్నట్టే డిస్క్ మీద పెడుతుంది. పాత ప్లేయర్‌కి ఎంపెగ్2 రకం వీడియో కావాలి, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అయితే 720×576 సైజులో, సెకనుకి 25 ఫ్రేములతో. ఆ మార్పు జరగకుండా ఏ డిస్క్ పెట్టినా దానికి అర్థం కాదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ఉచిత ప్రోగ్రామ్‌తో డీవీడీ చేద్దామని కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు, అది డీవీడీ ఫోల్డర్ తయారుచేయదు, దాని అవసరం వేరేచోట ఉంది, కింద చెప్తాను.

ఫోల్డర్ ఉన్నా ఆడటం లేదంటే ఇమ్గ్‌బర్న్‌తో మళ్లీ రైట్ చేయండి. వీడియో టీఎస్ ఫోల్డర్ ఇవ్వగానే ఫైల్ సిస్టమ్‌ని ఐఎస్ఓ9660, యూడీఎఫ్ 1.02కి మార్చమంటారా అని అడుగుతుంది, అవును అనండి. ఖాళీ డిస్కుల్లో డీవీడీ ప్లస్ ఆర్ కంటే డీవీడీ మైనస్ ఆర్ పాత ప్లేయర్లకి ఎక్కువ పడుతుంది. స్పీడ్ 4ఎక్స్ లేదా 8ఎక్స్ పెట్టండి, వెరిఫై టిక్ ఉంచండి. పని తొందరగా అవుతుందని ఫుల్ స్పీడ్‌లో కొట్టిన డిస్క్ మధ్యలో ఆగి ఆగి ఆడుతుంది.

మొహాలు సన్నగా సాగాయి, లేదా లావుగా నొక్కుకుపోయాయి

ప్రాజెక్ట్‌లో యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 4:3 ఉండిపోయింది, మీ వీడియో 16:9. మార్చండి. అప్పటికీ అలాగే ఉంటే ప్లేయర్ సెటప్‌లో టీవీ షేప్ చూడండి. డబ్బా టీవీ అయితే 4:3 లెటర్‌బాక్స్, ఫ్లాట్ టీవీ అయితే 16:9. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వీడియోకి రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, అది లోపం కాదు.

తలంబ్రాల దగ్గర బొమ్మంతా గళ్లు గళ్లుగా

నాలుగు గంటల పెళ్లిని ఒక్క డిస్క్‌లో కుక్కారన్నమాట. మామూలు డిస్క్ 4.7 జీబీ, కంప్యూటర్ లెక్కలో దాదాపు 4.37. రెండు గంటలు పెడితే సెకనుకి 5.2 మెగాబిట్ల దాకా దక్కుతుంది, నాలుగు గంటలు పెడితే అందులో సగమే. పంతులుగారు కూర్చుని మంత్రం చదివేటప్పుడు ఆ సగమూ సరిపోతుంది. తలంబ్రాల్లో వందల బియ్యపు గింజలు, రంగు పూసలు ఒకేసారి గాల్లో ఉంటాయి, అక్కడ చాలదు. ఒక డిస్క్‌కి రెండు గంటలు మించనీయకండి, రెండో డిస్క్ ఖరీదు ఎంతని.

మొదట్లో బాగానే ఉంది, పోనుపోను మాట వెనకబడుతోంది

అసలు దొంగ ఇదే. కంప్యూటర్‌లో అసలు ఫైల్ సరిగ్గా ఆడుతుంది, డీవీడీలో మొదటి పావుగంటా బాగుంటుంది, ఆ తర్వాత పెదవులు ముందు, మాట వెనక. మాంగల్యధారణ దగ్గరికి వచ్చేసరికి మూడు ముళ్లూ పడిపోయి, అక్షింతలు తల మీద వాలిపోయి, ఆ తర్వాత గట్టిమేళం అందుకుంటుంది. ఏ తల్లిదండ్రులకైనా వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన క్షణం అదే, సరిగ్గా అక్కడే చెడిపోతే చూసేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఒకటి తేల్చుకోండి. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, లేక పెరుగుతూ పోతోందా? డోలు వాయించే ఆయన చేతిని చూడండి, పుల్ల పడే క్షణానికీ దెబ్బ వినపడే క్షణానికీ తేడా తేలిగ్గా దొరుకుతుంది, పెదవుల కంటే అదే నయం. ఒకేలా ఉంటే పని చిన్నది. వీఎల్‌సీలో జే, కే మీటలు నొక్కి ఎన్ని మిల్లీసెకన్లు జరపాలో చూసుకుని, అవిడెమక్స్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఆడియో షిఫ్ట్ అన్నచోట ఆ అంకె ఇస్తే అయిపోతుంది.

పెరుగుతూ పోతుంటే మాత్రం ఆడియో జోలికి వెళ్లకండి, తప్పు వీడియోలో ఉంది. ఫోన్ కెమెరా సెకనుకి 30 ఫ్రేములని చెప్తుంది కానీ ఎప్పుడూ అన్నే తీయదు. పగటి వెలుతురులో తీస్తుంది. రాత్రి ముహూర్తం, మండపంలో లైట్లు కాస్త తగ్గాయనుకోండి, ఒక్కో ఫ్రేముకి ఎక్కువ వెలుతురు పట్టడం కోసం ఫ్రేముల సంఖ్య తగ్గించేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా ఒకే వేగంతో రికార్డవుతూ ఉంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్‌లో రాసి ఉంటుంది, వీఎల్‌సీ ఆ టైము చదువుకుంటూ ఆడిస్తుంది కాబట్టి మీకు కంప్యూటర్‌లో తేడా తెలియదు. డీవీడీలో ఆ వెసులుబాటు లేదు, ఫ్రేములన్నీ సమానమైన ఎడంతో నడవాల్సిందే. మార్చే సాఫ్ట్‌వేర్, ముఖ్యంగా పాతది, ఆ టైములు పట్టించుకోకుండా ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ పోయిందా, గొడవ మొదలవుతుంది. 29.97 అని రాసి ఉన్న ఫైల్‌లో నిజంగా సగటున 29.95 మాత్రమే ఉన్నాయనుకుందాం, కనీకనపడని తేడా. గంటకి 72 ఫ్రేములు తక్కువ, అంటే గంట తిరిగేసరికి బొమ్మ శబ్దం కంటే 2.4 సెకన్లు ముందుకెళ్లిపోతుంది. గట్టిమేళం తప్పిపోవడానికి అది చాలు.

ఇది తెలియక చాలామంది ఏం చేస్తారంటే, ఆడియోని విడిగా తీసి, కాస్త కుదించి, చివర కలిసేలా సరిచేస్తారు. చివర కలుస్తుంది, మధ్యలో కలవదు. ఎందుకంటే ఫ్రేములు తగ్గింది వీడియో అంతటా కాదు, లైట్లు తగ్గిన ఆ ఇరవై నిమిషాల్లోనే. ఇంకొంతమంది సాఫ్ట్‌వేర్ మార్చి చూస్తారు, ఒకదానిలో కుదురుతుంది, ఇంకోదానిలో కుదరదు, చివరికి "ఉచితంగా వచ్చేవి ఇంతేలే" అని తిట్టుకుంటారు. ఆ సాఫ్ట్‌వేర్లు ఎవరో తమ తీరిక సమయం పెట్టి రాసి ఊరికే ఇచ్చినవి. సరైన ఫైల్ ఇస్తే అవి శుభ్రంగా పనిచేస్తాయి, ఇది నేను రోజూ చూస్తున్నదే.

చేయాల్సింది ఇదీ. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరవండి. వీడియో కింద ఫ్రేమ్ రేట్ మోడ్ అని ఉంటుంది, దాని పక్కన కాన్‌స్టంట్ అంటే మంచిది, వేరియబుల్ అంటే ఆ ఫైల్‌ని నేరుగా డీవీడీ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వొద్దు. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో వేయండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ దగ్గర అంకె ఎంచుకుని, దాని కిందే ఉన్న కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ బటన్ నొక్కండి. ఈ రెండోది వదిలేస్తున్నారు! రెడీమేడ్ ప్రీసెట్లు చాలావాటిలో పీక్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది, అది గరిష్ఠం మాత్రమే, లోపల వేరియబుల్ వేరియబుల్‌గానే ఉండిపోతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో వేశాం, అయినా పోలేదండీ అని వచ్చేవాళ్లకి దాదాపు ప్రతిసారీ ఇదే కారణం. క్వాలిటీ ఆర్ఎఫ్ 18 దగ్గర పెట్టండి, ఎలాగూ ఇంకోసారి మారబోతోంది కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. ఆడియో శాంపిల్ రేట్ 48 పెట్టండి, డీవీడీకి కావాల్సింది అదే. బయటికొచ్చిన ఫైల్‌ని మళ్లీ మీడియాఇన్ఫోలో చూసి, కాన్‌స్టంట్ అని కనపడ్డాకే డీవీడీ స్టైలర్‌కి ఇవ్వండి.

అంకె ఏది పెట్టాలంటే, ఇక్కడ నా అభిప్రాయం అందరికీ నచ్చదు. మన దేశానిది పాల్ పద్ధతి, 25 ఫ్రేములు. కానీ 30తో తీసిన ఫోన్ వీడియోని 25కి దింపితే సెకనుకి ఐదు ఫ్రేములు పోతాయి, ఊరేగింపులో కెమెరా తిరిగినప్పుడు బొమ్మ గతుకులు పడినట్టు కనిపిస్తుంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి, సెకనుకి 29.97 ఫ్రేములు) డిస్కులు కూడా ఆడిస్తాయి. అందుకే ఫోన్ వీడియో అయితే హ్యాండ్‌బ్రేక్‌లో 29.97, డీవీడీ ప్రాజెక్ట్‌లో ఎన్‌టీఎస్‌సీ పెట్టడమే నయమంటాను. ఆ ఇంటి ప్లేయర్‌లో ఆడుతుందో లేదో ఒక రీరైటబుల్ డిస్క్ మీద ముందు పరీక్షించండి. పెద్ద కెమెరాతో 25లో తీసినదైతే పాల్‌లోనే ఉంచండి.

ఒకటి మర్చిపోవద్దు. బంధువులు వాట్సాప్‌లో పంపిన క్లిప్పులన్నీ కలిపి ఒకే వీడియో చేసేవాళ్లు, కలిపిన తర్వాత కాదు, కలపకముందే ఒక్కో క్లిప్పునీ ఇలా సరిచేయాలి. ఒక్కో ఫోన్‌ది ఒక్కో లెక్క, అన్నీ ముడేశాక ఏది ఎక్కడ జరిగిందో విడదీయలేరు.

కన్వర్షన్ మధ్యలో ఆగిపోతోంది

ఫైల్ పేరు తెలుగులో ఉందేమో చూడండి. డీవీడీ ఫ్లిక్ చివరి వెర్షన్ 2009 నాటిది, దానికి తెలుగు పేర్లు పడవు. ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి పేరు పెట్టి, చిన్న ఫోల్డర్‌లోకి మార్చండి. డ్రైవ్‌లో పది జీబీ అయినా ఖాళీ ఉండాలి. అంతే.

మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవడం

మెనూలో పేర్లు అంచుకి ఆనించి పెట్టొద్దు, పాత టీవీలు నాలుగు పక్కలా కొంత కోసేస్తాయి, పెళ్లికూతురి పేరులో మొదటి అక్షరం పోయిన డిస్క్ చూస్తే బాధేస్తుంది. తెలుగు ఒత్తులు విడిపోతుంటే దాంతో కుస్తీ పట్టకండి, పేర్లన్నీ వేరే ప్రోగ్రామ్‌లో బొమ్మగా చేసుకుని, ఆ బొమ్మనే మెనూ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టండి. చాప్టర్లు ఐదు నిమిషాలకొకటి చొప్పున సాఫ్ట్‌వేర్ పెట్టే వాటికంటే మీరే పెట్టుకోవడం మంచిది: స్నాతకం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. రిమోట్‌లో నెక్స్ట్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. పెద్దవాళ్ల కోసమైతే అసలు మెనూయే వద్దు. డీవీడీ ఫ్లిక్‌లో మెనూ నన్ అని ఉంచేస్తే డిస్క్ పెట్టగానే వీడియో మొదలవుతుంది, అయిపోయాక మళ్లీ మొదటికి రావాలంటే ప్లేబ్యాక్ సెట్టింగుల్లో లూప్ టిక్ ఉంది.

అరుదుగా వచ్చేవి: రీజియన్ కోడ్ (ఒక ప్రాంతపు డిస్క్ ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా పెట్టే అడ్డు) గురించి అడుగుతుంటారు, ఇంట్లో చేసిన డిస్క్‌కి ఆ బెడద లేదు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అంటిస్తే తిరిగేటప్పుడు బరువు తేడా వచ్చి ఆగొచ్చు, మార్కర్‌తో రాయండి. ఇవేవీ కాకపోతే ఎప్పుడో కొన్న సినిమా డిస్క్ ఒకటి అదే ప్లేయర్‌లో పెట్టి చూడండి, అదీ ఆడకపోతే లెన్స్ పోయింది, మీ వీడియోకి దానితో సంబంధం లేదు.