వాంగ్మూలం రాద్దాం – 4వ పాఠం: వచ్చింది ఎవరు?

ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ ఊళ్లలో దాడులు చూసినవాళ్ల మాటను కాగితం మీద పెట్టడం నేర్చుకుంటున్నాం కదా, ఈ వారం మ్యాపు గీయడం నేర్పుతానన్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన కాగితాలు చదివాక దాన్ని వచ్చే వారానికి తోసేశాను. తప్పులో సగం నాదే. "పండుగలు, సంతలు చెప్తే వాటిని తారీఖుల్లోకి మార్చండి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. మీరు నిజంగానే మార్చేశారు. మార్చి, అసలు మాటను చెరిపేశారు.

అభ్యాసం కోసం నేనిచ్చిన కథలో, ఊరి మీదికి వచ్చినవాళ్లను చూసిన ఆదివాసీ ఆమె చెప్పింది ఇది: "విత్తనాల పండుగకు ముందు, బారెడు పొద్దెక్కాక వచ్చారు." మీలో ఒకరు "జూన్ 10, ఉదయం 9.15" అని రాశారు. ఆ పావుగంట ఎక్కడి నుంచి ఊడిపడింది? ఆమె గుడిసెలో గడియారమే లేదు. రేపు కోర్టులో అవతలి వకీలు పట్టుకునేది ఆ పావుగంటనే. "టైము చూడటం వచ్చా అమ్మా?" అంటాడు. రాదంటుంది. ఇక ఆమె చెప్పిన మిగతా నిజమంతా కూడా అబద్ధం కింద జమ.

పైగా విత్తనాల పండుగ, అంటే ఆదివాసీలు విత్తే ముందు చేసుకునేది, మన ఉగాది లాంటిది కాదు. ఊరూరికీ రోజు మారుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలోనే చూడండి. ఎడెస్మెట్టలో కాల్పులు జరిగి 8 మంది ఊరివాళ్లు చనిపోయింది 2013 మే 17 రాత్రి. జనం అక్కడ కూడింది ఈ పండుగకే. సార్కేగూడలో 17 మంది చనిపోయింది అంతకు ముందు ఏడాది జూన్ 28 రాత్రి. ఈ పండుగ గురించి మాట్లాడుకోవడానికే కూర్చున్నామని అక్కడి వాళ్లూ చెప్పారు. పండుగ ఒకటే, నెల మీద తేడా.

కాబట్టి ఆమె మాట ముందు రాయాలి, మీ లెక్క తర్వాత, ఆ లెక్క ఎలా కట్టారో దాని పక్కన. ఇంకొకామె మాటతో చూపిస్తాను, ఇలా:

"తునికాకు కల్లం మూసిన వారంలో, సంత మర్నాడు, బారెడు పొద్దెక్కాక. (రాసినవారి లెక్క: మే మూడో వారం. ఆధారం: ఇంట్లో ఉన్న తునికాకు కార్డులో ఆఖరి రోజు కట్టల లెక్క.)"

కల్లం అంటే ఇక్కడ బీడీలకు వాడే తునికాకు కొనే చోటు. కార్డు ఇంట్లో ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి. కల్లం నడిపే కల్లేదారు దగ్గరికి వెళ్లి అడగొద్దు. మీరెందుకు అడిగారో సాయంత్రానికి మూడూళ్లకు తెలిసిపోతుంది. పిల్లల టీకా కార్డు, ఆస్పత్రి ఓపీ చీటీ కూడా పనికొస్తాయి. తారీఖు మీద నాకింత పట్టు ఎందుకంటే, ఘటన జరిగి ఏడాది దాటితే జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారణకు తీసుకోదు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ అది. మీరు నెల వెనక్కి రాస్తే ఫిర్యాదు గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఇక అసలు గొడవ. దాదాపు అందరి కాగితాల్లోనూ మొదటి వాక్యం "మావోయిస్టులు దాడి చేశారు" అనో, "పోలీసులు వచ్చి కొట్టారు" అనో ఉంది. నేనిచ్చిన కథలో ఆమె ఆ రెండు మాటల్లో ఏదీ అనలేదు. మళ్లీ చదవండి. "ఆకుపచ్చ బట్టలవాళ్లు" అంది. మిగతాది మీరు కలిపారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆకుపచ్చ బట్టలు ఇటువాళ్లూ వేసుకుంటారు, అటువాళ్లూ వేసుకుంటారు. మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో ఊరివాళ్లనే దింపిన సల్వాజుడుం మొదలైన 2005 నుంచి, సుప్రీంకోర్టు 2011 జులై 5న ఎస్పీఓల (పోలీసులు స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టుకున్న ఆదివాసీ యువకుల) చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధం అనేదాకా, ఊళ్ల మీదికి వచ్చినవాళ్లలో ఆ ఊరి పిల్లలే ఉన్న సందర్భాలున్నాయి. సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలిన జనాన్ని ఉంచిన ఎర్రబోరు శిబిరం మీద 2006 జులైలో దాడి చేసి 30 మందికి పైగా చంపింది మావోయిస్టులు. చనిపోయినవాళ్లు ఆదివాసీలు. ఇన్ని రకాల వాళ్లు వచ్చిపోయిన చోట మీ ఊహకు విలువ లేదు.

ఊహ ఎంత చేటు చేస్తుందో గోంపాడ్ కేసు చెప్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఆ ఊళ్లో 2009లో జరిగిన హత్యల మీద సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లో చంపింది భద్రతా బలగాలని ఉంది. తర్వాత ఢిల్లీలో జడ్జి ముందు ఊరివాళ్లు ఇచ్చిన వాంగ్మూలాల్లో ఆ మాట లేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. 2022 జులైలో పిటిషన్ కొట్టేసి, వేసినాయన్నే 5 లక్షల రూపాయలు కట్టమంది. తీర్పు మీద నా అభిప్రాయం నాకుంది, అది ఇక్కడ అనవసరం. మనకు కావాల్సింది ఒక్కటే: కాగితం మీది మాటకూ మనిషి నోటి మాటకూ మధ్య సందు ఉంటే, అందులో మొత్తం కేసే జారిపోతుంది.

కోర్టు సంగతి పక్కన పెట్టండి, ఊళ్లో ఏమవుతుంది? "అన్నలు కొట్టారు" అని ఆమె పేరుతో రాసిన కాగితం వాళ్ల కంట పడితే ఆమె ఇన్ఫార్మర్. "ఫోర్సు కొట్టింది" అని రాసింది క్యాంపుకు చేరితే ఆమె కొడుకు నక్సలైటు. రాసిన మీరు భద్రాచలం బస్సెక్కి వచ్చేస్తారు. ఆమె అక్కడే పడుకోవాలి.

అనువాదంలోనూ ఇదే రోగం. ఆమె "దాదలు" (అన్నలు) అంటే పక్కన కూర్చున్న దుబాసీ "మావోయిస్టులు" అంటాడు, మీరు అదే రాస్తారు. ఆమె ఏ మాట అంటే ఆ మాటే కోట్స్‌లో పెట్టండి.

"ఎవరు వచ్చారు?" అన్న ప్రశ్న నేను అడగను. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్నకు భయం తప్ప జవాబు వినలేదు. మొదట ఏం వినబడింది అంటాను. కుక్కలు ఎటువైపు మొరిగాయి? కాళ్లకు ఏమున్నాయి, బూట్లా, చెప్పులా? మీతో ఏ భాషలో మాట్లాడారు, వాళ్లలో వాళ్లు ఏ భాషలో మాట్లాడుకున్నారు? మొహానికి గుడ్డ ఉందా? ఎంత దూరంలో నిలబడ్డారు? ఒకామె "వాళ్లు మా నీళ్లకుండ ముట్టుకోలేదు, వాళ్ల సీసాల్లోవే తాగారు" అని చెప్పింది. ఎవరో చెప్పమని అడిగి ఉంటే ఆ సీసాలు బయటికి వచ్చేవి కావు.

మీ వాక్యం: "సుమారు 20 మంది సాయుధ మావోయిస్టులు గ్రామంపై దాడి చేశారు."

ఉండాల్సిన వాక్యాలు: "కుక్కలు వాగు వైపు మొరిగాయి. ఆకుపచ్చ బట్టలవాళ్లు వచ్చారు. నేను లెక్కపెట్టలేదు, మా ఆవుల మందకంటే ఎక్కువ. (మందలో 11 ఆవులు.) ముందున్న ఇద్దరి దగ్గర పొడుగు తుపాకులు చూశాను. మాతో గోండిలో మాట్లాడారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నది నాకు అర్థం కాలేదు."

రెండోది పొడుగైంది, అయితే కానివ్వండి. అందులో ఎవరూ పడగొట్టగలిగింది లేదు.

తెలిసిన మొహం ఉందని ఆమె తనంతట తాను చెప్తే అది ఈ కాగితం మీద రాకూడదు. రెండో కాగితం తీయండి. వాంగ్మూలంలో ఆమె పేరు బదులు ఒక అంకె, ఆ అంకె ఎవరిదో రెండో కాగితంలో. రెండూ ఒకే సంచిలో ప్రయాణం చేయకూడదు. కొందరు "మ.సో." అని పొడి అక్షరాలు పెట్టారు. నలభై గడపల ఊళ్లో అది పేరు రాసినట్టే. నేను ఫోన్లో రికార్డు కూడా చేయను. ఒకసారి దారిలో సంచి, ఫోను రెండూ వెతికారు. నోటుబుక్కులో అంకెలే ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి నిద్రపట్టింది. కొత్తతరం నన్ను పాతకాలపు మనిషి అనుకోవచ్చు.

చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవడం లాంటివి మీకు చెప్పక్కర్లేదు. కుటుంబం సరిహద్దు దాటి తెలంగాణలో చర్ల, దుమ్ముగూడెం వైపు ఉంటే అక్కడి స్టేషన్లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఘటన ఎక్కడ జరిగినా తీసుకోవాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. వకీలు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. సాక్షుల రక్షణ పథకం 2018కి ఆరో పాఠం మొత్తం కేటాయించాను.

అభ్యాసం. బాధిత కుటుంబాల దగ్గరికి ఇప్పుడే వెళ్లొద్దు. మీ ఊళ్లో జరిగిన ఏదైనా పాత కొట్లాట తీసుకుని, చూసిన ముగ్గురితో విడివిడిగా మాట్లాడండి. ఎవరు కొట్టారని ఒక్కసారి కూడా అడగకూడదు. మూడు వాంగ్మూలాలు అంకెలతో రాసి, ఆ ఊరివాడే అయిన నాలుగో మనిషికి ఇవ్వండి. వీటిలో ఏది ఎవరు చెప్పారో కనిపెట్టమనండి. కనిపెడితే ఎక్కడ దొరికిపోయారో గీత గీయించుకుని, మళ్లీ మొదటి నుంచి రాయండి. నాకు మూడోసారి రాసిన కాపీ పంపండి, మొదటిది వద్దు.

మ్యాపుకు గళ్ల కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. పెన్ను వద్దు.